దిండు కేకు



పోయిన నెల ఈ పేజీలో పూరీ ఎందుకు పొంగుతుందో చెప్పుకున్నాం. పూరీ పొంగేది లోపలి నీరు ఆవిరి కావటంవల్లనని తెలుసుకున్నాం. అప్పటినుంచీ మీలో చాలామంది, "మాష్టారూ, మరి కేకు దేనివల్ల పొంగుతుంది?" అని ఉత్తరాలు రాస్తున్నారు. చెబుతాను. కాని ఊరికే చెప్పను. మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో కలిపి చెబుతాను. ఇందులో ఒక దిండు ఉన్నది, ఒక వరద ఉన్నది, కోపం వచ్చిన ఒక పిల్ల ఉన్నది. రెండుసార్లు కేకు చేసిన ఒక ముసలి మేష్టరు కూడా ఉన్నాడు. ఆ మేష్టరు నేనే.

మా అమ్మాయి కాపురం విజయవాడలో, సింగ్‌నగర్‌లో. వాళ్ళు ఉండేది కింది వాటా. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి ఆ పేటలన్నీ ముంచేసిన సంగతి మీ పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. బుడమేరు అంటే పెద్ద నది కాదు, మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరు. దానికి కట్టిన గట్లకు గండ్లు పడేసరికి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. మా అమ్మాయీ అల్లుడూ పిల్లను ఎత్తుకుని పై వాటా వాళ్ళింటికి చేరారు. కాస్సేపటికి మా మనవరాలు మెట్లమీద నిలబడి కిందికి చూస్తే, వాళ్ళ గదిలోనుంచి ఆమె దిండు తేలుతూ బయటికి వస్తున్నదట! బీరువా మునిగింది, మంచం మునిగింది, పుస్తకాలు మునిగినై. దిండు మాత్రం బాతులాగా తేలుతున్నది.

ఆ దిండు అట్లా తేలటంలో వింత లేదు. అది వాళ్ళ అమ్మమ్మ బూరుగుదూదితో కుట్టిన దిండు. బూరుగు చెట్టు కాయలు ఎండి పగిలినప్పుడు పట్టులాంటి తెల్లని దూది గాలిలోకి ఎగరటం మీరు చూసే ఉంటారు. ఆ దూదిపోగును భూతద్దంకింద కాదు, మంచి సూక్ష్మదర్శినికింద పెట్టి చూస్తే గడ్డిపరకలాగా లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో ఉన్నది గాలే. పైగా పోగుమీద సన్నని మైనపు పూత ఉంటుంది కనుక నీళ్ళు వెంటనే అంటవు. అందుచేతనే పూర్వం ఓడలమీద పోయేవాళ్ళు వేసుకునే ప్రాణరక్షణ చొక్కాలలో బూరుగుజాతి దూదిని కూరేవారు. మన మామూలు పత్తికి ఈ గుణం లేదు. నీళ్ళు తాగేసి బరువెక్కిపోతుంది.

పది రోజుల తరువాత నీళ్ళు తీశాయి. ఇల్లు కడగటానికి నేనూ, మా ఇంటావిడా వెళ్ళాం. వీధి పొడుగునా పరుపులూ, దుప్పట్లూ, పాఠ్యపుస్తకాలూ గుట్టలుగా పడి ఉన్నాయి. నలభై ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, తడిసిన పుస్తకాల గుట్ట చూస్తే నాకు కాళ్ళు ఆడలేదు. ఆ దిండు బీరువా వెనక ఇరుక్కుని దొరికింది. ఎంత తేలే దూది అయినా పది రోజులు మురుగులో నానితే ఏముంటుంది? గుడ్డంతా బురద. లోపల బూజు వాసన. మా ఇంటావిడ ఉతికి ఎండేద్దామన్నది. నేను వద్దన్నాను. మురుగునీళ్ళు లోపలిదాకా దిగిన దిండు పైకి ఎండినట్టు కనబడినా లోపల చెమ్మ ఉంటుంది. చెమ్మలో బూజు పెరుగుతుంది. దానిమీద పసిపిల్ల ముఖం పెట్టుకుని రాత్రంతా ఊపిరి పీలుస్తుంది. నేనే దాన్ని తీసుకుపోయి వీధిలో గుట్టమీద వేశాను.

నేను చేసింది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కాని పిల్లతో ఒక్క మాట చెప్పి వేయవలసింది. అది గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవలేదు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. తరువాత వాళ్ళ అమ్మమ్మ కొత్త దిండు కుట్టి ఇస్తానంటే వద్దన్నది. మూడు నెలలు తువ్వాలు మడత పెట్టుకుని దానిమీదనే పడుకుంది.

డిసెంబరులో దాని ఏడో పుట్టినరోజు వచ్చింది. ఆ పండక్కి మా ఇంటికి వచ్చారు. "ఏం కావాలమ్మా?" అని అడిగాను. బట్టలంటుందనుకున్నాను, లేకపోతే సైకిలంటుందనుకున్నాను.

"నా దిండులాంటి కేకు కావాలి. కొనకూడదు. నువ్వే చెయ్యాలి తాతయ్యా!" అన్నది.

అదీ సంగతి. అప్పు తీర్చక తప్పుతుందా?

పిల్లలూ, నేను కేకు ఎన్నడూ చేసి ఎరుగను. మా ఇంటావిడ దిబ్బరొట్టె చేయటంలో గట్టిది. కాని కేకు సంగతి ఆమెకూ కొత్తే. సరే, తెలియని పనికి పూనుకునేముందు ఆ వస్తువు ఏమిటో తెలుసుకోవాలి కదా! దిండు అంటే ఏమిటి? గుడ్డసంచిలో పట్టి ఉంచిన గాలి. దూది చేసే పనల్లా ఆ గాలిని కదలకుండా పట్టుకోవటమే. కేకు అంటే ఏమిటి? అదీ అంతే. కేకు ముక్క కోసి చూడండి, అంతా చిన్న చిన్న గదులు. గదుల గోడలు పిండి, గదుల్లో ఉన్నది వాయువు. ఇంత దగ్గర చుట్టరికం ఉన్నప్పుడు కేకుతో దిండు చేయటం అసాధ్యం కాదనిపించింది.

ఆ వాయువు ఎక్కడినుంచి వస్తుందో మీరే చూడవచ్చు. ఒక ఖాళీ సీసాలో రెండు చెంచాల నిమ్మరసం పోయండి. ఒక బూరలో అర చెంచా వంటసోడా వేసి, బూర మూతిని సీసా మూతికి తొడగండి. ఇప్పుడు బూరను పైకెత్తితే సోడా రసంలో పడుతుంది. బుసబుసమని నురగ వచ్చి బూర దానంతట అదే నిలబడి ఉబ్బుతుంది. అందులో చేరినది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. వంటసోడా పులుపుతో కలిసినప్పుడల్లా ఈ వాయువు పుడుతుంది. కేకులో నిమ్మరసానికి బదులు పుల్లటి పెరుగు వేస్తాం. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉన్నది కనుక అదే పని చేస్తుంది. ఎంత వాయువు అనుకున్నారు? ఒకటిన్నర గ్రాముల సోడా, అంటే టీ చెంచాలో మూడోవంతు, పూర్తిగా కరిగి పనిచేస్తే 400 మిల్లీలీటర్ల వాయువు ఇస్తుంది. రెండు గ్లాసులన్నమాట! ఆ రెండు గ్లాసుల్లో చాలాభాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలినది పిండిలో చిక్కుకుంటే మనకు కేకు.

బేకింగ్ పౌడరు అని దుకాణంలో అమ్మేదాంట్లో సోడాతోపాటు పొడి ఆమ్లం కూడా కలిపే ఉంటుంది. తడి తగిలేవరకూ రెండూ పేచీ లేకుండా పక్కపక్కన పడి ఉంటాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హాం పట్నంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణందారు 1843లో ఇటువంటి పొడిని తయారుచేశాడు. ఆయన భార్యకు రొట్టెలు పొంగించే ఈస్టు సరిపడేదికాదు, కోడిగుడ్లూ సరిపడేవి కావు. భార్య తినగల రొట్టెకోసం పడిన పాటులోనుంచి పుట్టిన పొడి అది. మా ఇంట్లో కోడిగుడ్డు రాదు కనుక ఆయన ధర్మమా అని మా పని కూడా తేలికైంది.

ఇక కొలతలు వినండి. 15 సెంటీమీటర్ల చదరపు పళ్ళెం ఒకటి తీసుకోండి. అంచు ఆరేడు సెంటీమీటర్లయినా ఎత్తు ఉండాలి. దానికి పట్టే ఒక కేకుకు మైదాపిండి 125 గ్రాములు, పెరుగు 160 గ్రాములు, పంచదార 100 గ్రాములు, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ముప్పావు టీ చెంచా, వంటసోడా చెంచాలో మూడోవంతు, కొద్దిగా ఏలకులపొడి. దిండుకు ఇటువంటి కేకులు రెండు కావాలి.

పెరుగులో పంచదార కరిగేదాకా గిలకొట్టాలి. అందులో సోడా, పౌడరు వేసి అయిదు నిమిషాలు ఉంచితే పైకి నురగ కడుతుంది. తరువాత నూనె, ఏలకులపొడి, చివరికి జల్లించిన మైదా. మైదా వేసినాక ఎక్కువసేపు కలపకూడదు. ఎక్కువ కలిపితే పిండి సాగుతుంది. సాగిన పిండి రొట్టెకు మంచిది, కేకుకు చెడ్డది. నూనె రాసి మైదా చల్లిన పళ్ళెంలో పోసి వెంటనే సెగ చూపించాలి. ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అరగంట పైచిలుకు ఉంచితే చాలు. మాకు ఓవెను లేదు. వెడల్పాటి మందపు గిన్నెలో రెండు వేళ్ళ మందాన పొడి ఇసుక పోసి, దానిమీద ముక్కాలి స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేసి, అప్పుడు పళ్ళెం లోపల పెట్టాం. సన్నని సెగన ముప్పావు గంట పట్టింది. ఉడికిందో లేదో చూడటానికి మా ఇంటావిడ శుభ్రంగా కడిగిన చీపురుపుల్ల గుచ్చింది. పిండి అంటకుండా వస్తే ఉడికినట్టే. (ఈ గిన్నె దగ్గర పని పెద్దవాళ్ళది. మీరు దూరాన నిలబడి గడియారం చూడండి.)

మొదటిసారి నేను రెండు కేకులకూ పిండి ఒకేసారి కలిపేశాను. పని కలిసివస్తుందని నా ఆశ. ఒక పళ్ళెం గిన్నెలోకి పోయింది. రెండోది ముప్పావు గంట బయట కూచుంది. ఆ ముప్పావు గంటలో దానిలోని వాయువు బుడగ బుడగగా పైకి వచ్చి పోయింది. సోడా మనకోసం ఆగదు కదా! రెండో కేకు బాగా పొంగక మట్టసంగా వచ్చింది. అందుచేత పిల్లలూ, ఒక కేకు దించినాకనే రెండోదానికి పిండి కలపాలి. నేను మళ్ళీ మూడోది కలిపి కాల్చాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పళ్ళెంలోనుంచి తీసి చూస్తే ఆ కేకు నడుమ ఉబ్బి, అంచులు దిగి, నాలుగు మూలలూ మరీ పల్చగా ఉన్నది. స్కేలు పెట్టి కొలిచాను. నడుమ నాలుగున్నర సెంటీమీటర్లు, అంచున మూడు, మూలన ఇంకా తక్కువ. నేను దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓహో! సగం దిండు దానంతట అదే తయారైందే!" అనుకున్నాను.

ఎందుకు అట్లా వస్తుంది? ఆలోచించండి. పిండిని పోసినది లోహపు పళ్ళెంలో. లోహం త్వరగా వేడెక్కుతుంది. గోడను ఆనుకుని ఉన్న పిండి ముందుగా ఉడికి గట్టిపడుతుంది. గట్టిపడిన పిండి ఇక పొంగలేదు. నడుమ ఉన్న పిండికి సెగ ఆలస్యంగా చేరుతుంది. అది ఇంకా జారుగా ఉంటుంది కనుక, వాయువు వ్యాకోచించిన కొద్దీ పైకి లేస్తూ పోతుంది. మూలలకైతే రెండు గోడల సెగ తగులుతుంది. అందుకని అవి అన్నిటికంటె ముందు గట్టిపడి అన్నిటికంటె పల్చగా ఉండిపోతాయి. దుకాణాల్లో కేకులు చేసేవాళ్ళకు ఈ ఉబ్బు అంటే చిరాకు. కత్తితో పైభాగం కోసి చదును చేస్తారు. మనకు కావలసిందే ఆ ఉబ్బు!

ఇంక నాకు మహా ఉత్సాహం వచ్చింది. రెండు కేకుల చదునైన అడుగులను ఒకదానికొకటి ఆనించి పెడితే, పైన ఒక ఉబ్బు, కింద ఒక ఉబ్బు: అదే దిండు అనుకున్నాను. అట్లాగే పళ్ళెంలో పెట్టాను. అది ఊగింది. ఊగి ఊగి ఒక పక్కకు ఒరిగి, కింది కేకు నడిమికి పగిలింది.

మా మనవరాలు చేతులు వెనక్కు కట్టుకుని చూస్తున్నది. "తాతయ్యా, ఇది దిండు కాదు, పడవ!" అన్నది.

నేను నవ్వలేదు. ఆ సెప్టెంబరులో వాళ్ళను ఇంట్లోనుంచి తెచ్చినది పడవే.

అది మంచం దగ్గరికి పోయి నా దిండు తెచ్చి నేలమీద పెట్టింది. "చూడు. కింద ఎక్కడ ఉబ్బింది?" అన్నది.

చూద్దును కదా, నిజమే! అరవై ఏళ్ళు దిండుమీద తలపెట్టుకున్నవాణ్ణి, ఒక్కనాడైనా దిండు అడుగుభాగం చూడలేదు. గాలిలో పట్టుకుంటే రెండు వైపులా ఉబ్బుగా ఉండే దిండు, కింద పెట్టేసరికి తన బరువుకు తానే అడుగున చదును అవుతుంది. పైకి మాత్రమే ఉబ్బు. అడుగు అంచులు మాత్రం కాస్త లేచి ఉంటాయి. కూచుని పరీక్షగా చూసినకొద్దీ ఇంకొక సంగతి కనిపించింది. దిండు నలుచదరం కాదు. నాలుగు మూలలూ ముందుకు పొడుచుకుని, పక్కలు కాస్త లోపలికి వంగి ఉన్నాయి. ఎందుచేత? మీ ఇంట్లో ఉతికిన దిండు గలీబు ఒకటి పరిచి వెడల్పు కొలవండి. తరువాత దానికి దిండు తొడిగి మళ్ళీ నడుమ కొలవండి. వెడల్పు తగ్గుతుంది. నడుమ ఉబ్బటానికి గుడ్డ కావాలి. ఆ గుడ్డ పక్కలనుంచే రావాలి. మూలల దగ్గర ఉబ్బు లేదు కనుక అక్కడ గుడ్డ లాగబడదు, మూలలు అట్లాగే నిలిచిపోతాయి.

సరే, అయితే కింది కేకు ఉబ్బకుండా రావాలి. అదెట్లా? అంచులు ముందు గట్టిపడటంవల్ల కదా నడుమ ఉబ్బుతున్నది? అంచులకు సెగ ఆలస్యంగా తగిలేటట్టు చేస్తే సరి. పాత నూలు పంచెను నాలుగు మడతల పట్టీగా చింపి, నీళ్ళలో ముంచి, నీళ్ళు కారకుండా పిండి, పళ్ళెం చుట్టూ చుట్టి పిన్నీసు పెట్టాను. గుడ్డలో తడి ఉన్నంతసేపు అది 100 డిగ్రీలు దాటదు. పైన ఎంత సెగ ఉన్నా నీరు ఆవిరి కావటానికే ఖర్చవుతుంది. (గుడ్డ ఇసుకకూ, గిన్నెకూ తగలకుండా చూసుకోవాలి, ఎండిపోతే మాడుతుంది. మధ్యలో ఒకసారి పెద్దవాళ్ళు కొద్దిగా నీళ్ళు చిలకరించాలి.) ఈ కేకు కాలటానికి ఇంకో పది నిమిషాలు ఎక్కువ పట్టింది. కొలిస్తే నడుమ 3.8, అంచున 3.5. అదే పిండి, అదే పళ్ళెం, అదే గిన్నె. తేడా అంతా తడిగుడ్డది!

మర్నాడు, అంటే పుట్టినరోజు ముందురోజు, కేకులు పూర్తిగా చల్లారినాక దిండు కట్టటం మొదలుపెట్టాం. వేడి కేకును కోస్తే పొడి అవుతుంది, తొందరపడకండి. చదును కేకును కింద పెట్టి, దాని అడుగు అంచును చుట్టూరా ఏటవాలుగా ఒక వేలు మందాన కోశాను. దానిమీద పల్చగా పండ్ల జాము రాసి, ఉబ్బు కేకును ఉబ్బు పైకి వచ్చేటట్టు పెట్టాను. మూలలు వదిలేసి, నాలుగు పక్కలనూ నడుమ ఒక సెంటీమీటరు లోతుకు కొద్దిగా వంపుగా చెక్కాను. మనవరాలు ఎదురుగా దిండు పెట్టుకుని, "ఇంకొంచెం... చాలు చాలు!" అని ఆజ్ఞలిచ్చింది. తరుగులు ఎవరు తిన్నారని అడక్కండి. మా ఇంటావిడ కూడా తిన్నది.

ఇక గలీబు. వెన్నా, పొడి పంచదారా గిలకొట్టి పూసేవాళ్ళు ఉన్నారు. మన ఎండలకు అది నిలవటం కష్టం. వెన్న 35 డిగ్రీల లోపే కరగటం మొదలుపెడుతుంది. డిసెంబరు కనుక మాకు ఆ భయం లేదుగాని, వెన్నపూత గుడ్డలా కనిపించదు. గుడ్డలా ముడతలు పడే వస్తువు కావాలి. అప్పుడు మా ఇంటావిడకు జీడిపప్పు బర్ఫీ తోచింది. దాని ముద్దను చపాతీలాగా వత్తుతారు కదా! పావుకిలో జీడిపప్పును ఆగి ఆగి మిక్సీలో పొడిచేసింది. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది. 125 గ్రాముల పంచదారను నాలుగైదు పెద్ద చెంచాల నీళ్ళలో వేసి తీగపాకం వచ్చాక పొడి వేసి, ముద్ద గిన్నెను వదిలిందాకా తిప్పి దించింది. చెయ్యి పట్టే వేడికి వచ్చాక నెయ్యి రాసుకుని మెత్తగా మర్దించింది. జీడిపప్పు ఖరీదు మాట నిజమే. చిన్న దిండు చేయటానికి అదే కారణం. ఖరీదు వద్దనుకునేవారు పాలపొడితోనో, కోవాతోనో చేసుకోవచ్చు.

అందులోంచి నిమ్మకాయంత ముద్ద పక్కన పెట్టింది. ఎందుకో కాస్సేపట్లో చెబుతాను. మిగతాది నెయ్యి రాసిన రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, ఒక్కొక్క పక్క 28 సెంటీమీటర్లు వచ్చేదాకా వత్తాం. కేకు పైన జాము పల్చగా రాసి, రేకును రెండు చేతులమీద ఎత్తి పరిచాం. వేడిగా ఉండగానే పరచాలి, చల్లారితే పగుళ్ళు వస్తాయి. పరిచి, మూలల దగ్గర కూడదీసి నొక్కి, అంచు పొడుగునా ఫోర్కు మొనతో గీతలు గీస్తే అచ్చం కుట్టు వేసినట్టే వచ్చింది.

అంతా బాగానే ఉన్నదనుకుంటుండగా ఒక మూల రేకు చిరిగింది. నేను వేలు తడిచేసుకుని అతకబోతే ఇంకొంచెం చిరిగింది. నాకు చెమటలు పట్టాయి.

"ఉండు తాతయ్యా, అది అట్లాగే ఉంచు. నా దిండుకు మూలన చిరిగితే అమ్మమ్మ నీలం మాసిక వేసింది, మరిచిపోయావా?" అన్నది మనవరాలు.

నేను మరిచిపోలేదు. అసలు నాకు ఆ మాసిక సంగతి తెలిస్తే కదా! గుట్టమీద వేసేటప్పుడు నాకు బురద తప్ప మరేమీ కనిపించలేదు. కాని వాళ్ళ అమ్మమ్మకు గుర్తున్నది. నిమ్మకాయంత ముద్ద తీసిపెట్టింది అందుకే.

నీలం రంగు దుకాణంలో కొనలేదు. దొడ్లో శంఖుపూల తీగె ఉన్నది. పది పూలు కోసి, తొడిమలు తీసి, రెండు చెంచాల వేడినీళ్ళలో వేస్తే సిరాలాంటి నీలం దిగింది. నాలుగు చుక్కలు ముద్దలో కలిపితే లేత నీలం. మిగిలిన నీళ్ళు పారబోయబోతూ, ఎదురుగా ఏడేళ్ళ పిల్ల ఉన్నదిగదా అని, అందులో ఒక చుక్క నిమ్మరసం వేసి చూపించాను. నీలం కాస్తా వంగపండు రంగుకు తిరిగింది! పులుపు తగిలితే ఆ పువ్వు రంగు మారుతుంది. అంతటితో అది నా ప్రయోగశాలనుంచి కదలలేదు. పది మాట్లు చేయించింది. మూడు నెలల తరువాత నా పక్కన అంతసేపు కూచోవటం అదే మొదలు.

నీలం ముద్దను పల్చగా వత్తి, చదరంగా కోసి, చిరిగినచోట తడిచేసి అతికింది. మాసికకు చుట్టూ కుట్లు కూడా వేసింది, ఫోర్కుతో. కుట్లు వంకర టింకరగా వచ్చాయి. "అమ్మమ్మ కుట్లు కూడా ఇట్లాగే ఉండేవి," అన్నది. మా ఇంటావిడ ఏమీ అనలేదు.

పుట్టినరోజునాడు పేటలో పిల్లలు పదకొండు మంది వచ్చారు. కొవ్వొత్తులు ఆర్పటం నాకు ఇష్టం ఉండదు, పండగనాడు వెలుగు ఆర్పటమేమిటని; అందుకని మా ఇంట్లో దీపం వెలిగిస్తాం. ఆ తరువాత కత్తి చేతికి ఇచ్చాం. పిల్ల కత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. కోయనంటుందేమోనని నాకు భయం వేసింది. తొందర పెట్టవద్దని అందరికీ సైగ చేశాను. చివరికి మాసిక లేని మూలన కత్తి పెట్టి కోసింది. లోపల చిన్న చిన్న గదులు, అంతా దూదిలాగా ఉన్నది. మొదటి ముక్క నా చేతిలో పెట్టింది. మాసిక ఉన్న మూలను ఎవరికీ పెట్టక, విస్తరాకు ముక్కలో చుట్టి వాళ్ళ అమ్మమ్మకు ఇచ్చింది.

ఆ రాత్రి పడుకునే వేళకు అమ్మమ్మ దగ్గరికి పోయి కొత్త దిండు కుట్టి పెట్టమన్నది. బూరుగుదూది ఆమె ఎప్పుడో తెప్పించి ఉంచింది. వారం రోజుల్లో తయారైంది. దానికి మూలన నీలం మాసిక కూడా వేయాలని పిల్ల పట్టు పట్టింది. "చిరగని దిండుకు మాసికేమిటే!" అని మా ఇంటావిడ నవ్వింది. నవ్వి, వేసింది.

పెద్దలకు ఒక మాట. ఈ కేకు రెండు పూటల పని, ముందురోజే మొదలుపెట్టండి. జీడిపప్పు పడని పిల్లలు వచ్చే పండగైతే గలీబుకు కోవా వాడండి.

పిల్లలూ, మీరు పళ్ళేనికి తడిగుడ్డ కట్టి ఒకటి, కట్టకుండా ఒకటి కాల్పించి, నడుమ ఎత్తూ అంచు ఎత్తూ స్కేలుతో కొలిచి నాకు రాయండి. మూలల కొలత కూడా రాయటం మరువకండి. ఇసుక గిన్నెలో కాల్చారో, ఓవెనులో కాల్చారో చెప్పాలి సుమా! వచ్చిన కొలతలన్నీ పట్టిక వేసి ఈ పేజీలోనే చూపిస్తాను.